రెండో పేరు

మా అబ్బాయికి నాన్న పేరు పెడతానంటే కాదన్నది అమ్మే. "వద్దురా, పేరుతో పాటు బుద్ధులూ వస్తాయి" అంది, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, తలెత్తకుండా.

నాన్న కోడంబాక్కంలో సినిమా పాటలకు గిటారు వాయించేవాడు. కీబోర్డులొచ్చాక కాల్షీట్లు తగ్గాయి, తాగుడు పెరిగింది. తాగుడు ముందే ఉందంటుంది అమ్మ. రాత్రిళ్ళు సాలిగ్రామంలో మా గేటు దగ్గర ఆటో ఆగేది. దిగిన మనిషికి చాలాసార్లు ఒక కాలికే చెప్పు ఉండేది. గిటారు మాత్రం ఎప్పుడూ పోగొట్టుకోలేదు.

ఇదంతా 2020 ఆగస్టులో, పిల్లాడు పుట్టిన కొత్తలో. కరోనా భయానికి బారసాలకి ఎవర్నీ పిలవలేదు కాబట్టి పేరు గొడవ మా ముగ్గురి మధ్యే ఉండిపోయింది. రాత్రిళ్ళు వాణ్ణి భుజాన వేసుకుని హాల్లో తిప్పుతూ, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని టౌన్స్ వాన్ జాంట్ అనే అమెరికన్ పాటగాణ్ణి వినేవాణ్ణి. 1973లో హ్యూస్టన్‌లో ఒక చిన్న బార్‌లో రికార్డు చేసిన కచేరీ అది. ఒక గిటారు, ఒక గొంతు, మధ్యమధ్య సీసాల చప్పుడు. ఆ చప్పుడు నాకు బాగా తెలిసిందే.

టౌన్స్ కలవారి బిడ్డ. వాళ్ళ వంశం పేరుతో టెక్సస్‌లో ఒక కౌంటీయే, అంటే మన జిల్లా లాంటిదే, ఉంది. కాలేజీలో ఉండగా తాగుడు, దిగులు చూసి భయపడి అమ్మానాన్నలు గాల్వెస్టన్ ఆసుపత్రిలో చేర్చారు. మూడు నెలలు ఇన్సులిన్ షాకులిచ్చారు, అంటే ఇన్సులిన్ ఎక్కించి స్పృహ తప్పించే వైద్యం. దాంతో చిన్ననాటి జ్ఞాపకాలు చాలావరకు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ వైద్యానికి ఒప్పుకున్నందుకు తల్లి జీవితాంతం కుమిలింది. మంచి చేద్దామనే కదా చేర్చింది! ఆయన రాసిన 'పాంచో అండ్ లెఫ్టీ'ని 1983లో విల్లీ నెల్సన్, మెర్ల్ హాగర్డ్ పాడితే, 'కంట్రీ' అనే అమెరికా పల్లె బాణీ పాటల్లో మొదటి స్థానానికి వెళ్ళింది. ఆయన గొంతుకి మాత్రం ఆ భాగ్యం ఎన్నడూ లేదు. 1997 జనవరి 1న, 52 ఏళ్ళకు పోయాడు. ఆయన ఆరాధించిన కంట్రీ గాయకుడు హాంక్ విలియమ్స్ పోయిందీ ఒక జనవరి 1నే, 1953లో.

టౌన్స్ శిష్యుడు, గాయకుడు స్టీవ్ ఎర్ల్ 1982లో కొడుకు పుడితే జస్టిన్ టౌన్స్ అని గురువు పేరు కలిపి పెట్టుకున్నాడు. టౌన్స్ అన్నది అసలు గురువుగారి తల్లి పుట్టింటి పేరు. ఎక్కడో ఒకావిడ ఇంటిపేరు, నెత్తురు సంబంధం లేని పిల్లాడి దాకా వచ్చిందన్నమాట. వాడూ పాటలు రాశాడు, మంచివే. వాడికీ మత్తు అలవాటైంది. సరిగ్గా మా బారసాలకి కొన్ని రోజుల ముందు, ఆగస్టు 20న, ఫెంటనిల్ అనే ఘాటైన మత్తుమందు కలిసిన కొకైన్‌తో చనిపోయాడు. 38 ఏళ్ళు. ఆ వార్త ఫోన్‌లో చదివి అమ్మకి చెప్పలేదు. చెబితే "చూశావా?" అనేది.

కానీ నాకు ఆ పేరు మీద కోపం రాలేదు. స్టీవ్ ఎర్ల్ కూడా తాగుడులో, మత్తులో మునిగి జైలుదాకా వెళ్ళి బయటపడ్డవాడే, అతని పేరులో టౌన్స్ లేదు. 2021 జనవరి 4న, కొడుకు 39వ పుట్టినరోజున, వాడి పాటలు పది తనే పాడి ఆల్బమ్ తెచ్చాడు. డబ్బు మనవరాలి పేరిట ట్రస్టుకు. ఆ గొంతు గరగరలాడుతూ కొడుకు మాటలు పలుకుతుంటే నేను రెండో పాట దగ్గరే ఆపేశాను. ఇప్పటికీ పూర్తిగా వినలేదు.

బారసాల రోజు పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో మా ఆవిడ ఎంచిన పేరు రాశాను. దాని పక్కన, చోటు చాలక కాస్త వంకరగా, నాన్న పేరు. అమ్మ చూసింది. ఏమీ అనలేదు.

వాడికిప్పుడు అయిదేళ్ళు. అమ్మ వాణ్ణి 'చిన్నోడా' అంటుంది తప్ప ఆ రెండో పేరు ఒక్కసారి కూడా పలకలేదు. భర్త పేరు నోటితో చెప్పకూడదనా, కోపం ఇంకా పోలేదా అని నేనడగలేదు. ఎవరైనా "నీ పేరేంట్రా?" అంటే వాడు రెండూ కలిపి అరిచి చెప్తాడు. వంటింట్లోంచి అమ్మ, "మెల్లగా చెప్పరా" అంటుంది.