ఓటీపీ చూసొచ్చేలోపు ఫామ్ ఖాళీ అయిపోతుంటే చివరికి ఎలా నింపామంటే

మా చెల్లికి ఇంటర్ అయిపోయింది, డిగ్రీ అడ్మిషన్‌కి ఒక ప్రైవేట్ కాలేజీ వాళ్ళ యాప్‌లోనే అప్లై చేయాలి, ఇంట్లో ల్యాప్‌టాప్ లేదు, ఉన్నది అమ్మ వాడే 3 జీబీ ర్యామ్ ఫోన్. పేరు, హాల్ టికెట్ నంబర్ కొట్టి, జిల్లా, మండలం, గ్రామం ఒక్కోటీ లోడ్ అయ్యేదాకా ఆగి సెలెక్ట్ చేసి, ఇన్‌కమ్ సర్టిఫికెట్ నంబర్ దాకా వచ్చాం. అది గ్యాలరీలో మీసేవ కాగితం ఫోటోలో ఉంది, చూసొద్దామని వెళ్ళా. తిరిగొస్తే కాలేజీ లోగో, తర్వాత లాగిన్ పేజీ, లోపలికెళ్తే ఫామ్ మొత్తం ఖాళీ.

మళ్ళీ నింపితే ఈసారి ఓటీపీ దగ్గర పోయింది. ఇంకోసారి ఫోటో దగ్గర, కెమెరా ఓపెన్ అయి ఫోటో తీసి ఓకే కొట్టేసరికి మళ్ళీ లోగో. లాస్ట్ డేట్ దగ్గరపడుతోంది, చెల్లి మొహం చూడలేకపోయా.

మా బావ యాప్స్ చేసే పనిలోనే ఉన్నాడు, ఫోన్ చేస్తే విషయం చెప్పాడు. మెమరీ, అంటే ర్యామ్, చాలనప్పుడు ఆండ్రాయిడ్ వెనకున్న యాప్‌ని ఆపేస్తుందట, కెమెరా ఎక్కువ మెమరీ తింటుంది కాబట్టి అక్కడే ఎక్కువగా జరుగుతుంది. కానీ యాప్ వెనక్కి వెళ్ళినప్పుడే, యూజర్ ఏ పేజీలో ఉన్నాడు, ఏం టైప్ చేశాడు అన్నది దాచుకునే అవకాశం యాప్‌కి ఉంటుంది, ఆ కోడ్ మాత్రం యాప్ చేసినవాళ్ళే రాయాలి. వాట్సాప్‌లో సగం కొట్టిన మెసేజ్ వదిలేసి వెళ్ళినా డ్రాఫ్ట్‌గా ఉంటుంది కదా, అలాగన్నమాట. పైగా ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్స్ చేసేవాళ్ళ కోసం ఉండే డెవలపర్ ఆప్షన్స్‌లో 'డోంట్ కీప్ యాక్టివిటీస్' అని ఒకటుంటుంది, బయటికెళ్ళగానే యాప్ పేజీని మూసేస్తుంది, అది ఆన్ చేసి వేరే యాప్‌కి వెళ్ళొస్తే ఇలాంటివి చాలావరకు టెస్టింగ్‌లోనే దొరికిపోతాయట. పెద్ద ర్యామ్ ఉన్న ఫోన్లలో మాత్రమే చూసి వదిలేస్తే మాలాంటి ఇళ్ళలో ఎలా నడుస్తుంది చెప్పండి, ఇది నాకు నిజంగా బాధనిపించింది.

ఇక మేం చేసిందేంటంటే, సర్టిఫికెట్ నంబర్లు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ అన్నీ ముందే నోట్‌బుక్‌లో పెద్దగా రాసిపెట్టుకున్నాం. మిగతా యాప్స్ అన్నీ క్లోజ్ చేశాం, ఈ యాప్ బ్యాటరీ సెట్టింగ్‌ని అన్‌రిస్ట్రిక్టెడ్‌లో పెట్టాం ఎందుకంటే కొన్ని ఫోన్లు చార్జింగ్ మిగల్చడానికి కూడా వెనకున్నవాటిని ఆపేస్తాయి. ఓటీపీ వచ్చినప్పుడు మెసేజ్‌లోకి వెళ్ళకుండా పైనుంచి నోటిఫికేషన్ కిందికి లాగి అక్కడే చదివేశాం. ఫోటో, సంతకం ముందే తీసి సైజు తగ్గించి ఉంచాం, అప్‌లోడ్ దగ్గర కెమెరా కాకుండా గ్యాలరీ సెలెక్ట్ చేస్తే యాప్ పోలేదు. స్క్రీన్‌ని రెండు భాగాలు చేసి రెండు యాప్స్ ఒకేసారి చూపించే స్ప్లిట్ స్క్రీన్ కూడా పనికొస్తుంది, అది ఆండ్రాయిడ్ 7 నుంచీ ఉంది, రెండూ ఎదురుగానే ఉంటాయి కాబట్టి అంత తేలిగ్గా ఆగిపోవు, కాకపోతే ఫామ్ మొదలుపెట్టకముందే స్క్రీన్ రెండు చేసుకోండి, మధ్యలో చేస్తే కొన్ని యాప్స్ పేజీని మళ్ళీ మొదట్నుంచి లోడ్ చేస్తాయి, మాది అలాగే చేసింది.

సబ్మిట్ అయ్యింది, అప్లికేషన్ నంబర్ స్క్రీన్‌షాట్ తీసి బావకి కూడా పంపాం. ప్రతి పేజీకీ సేవ్ బటన్ పెట్టమని, చిన్న ఫోన్లో ఒకసారి నింపి చూడమని కాలేజీకి మెయిల్ పెట్టా, ఇంకా రిప్లై రాలేదు, వచ్చే వారం సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కి వెళ్ళినప్పుడు ఆఫీసులో కూడా అడుగుతా.