వేలాడే స్తంభం కింద తువ్వాలు లాగించే పిల్లోళ్ళు

మాది హిందూపురం కావడం వల్ల వచ్చిన ఒక డ్యూటీ ఏంటంటే బెంగళూరు నించి ఎవరొచ్చినా, ఆఫీసువాళ్ళు గానీ చుట్టాలు గానీ, లేపాక్షికి తీసుకుపోవడం. 15 కిలోమీటర్లే కదా, కాదని చెప్పడానికి కారణం కూడా దొరకదు. అలా పోయి పోయి గుడి కంటే నాకు గుడి ముందు నిలబడే కుర్రాళ్ళే ఎక్కువ పరిచయం అయిపోయారు, అందుకే ఈ పోస్టు వాళ్ళ గురించి.

ఆదివారం పొద్దున అక్కడ ఏపీ బండ్ల కంటే కేఏ బండ్లే ఎక్కువ ఉంటాయి. బెంగళూరు నించి 120 కిలోమీటర్లు, పొద్దున బయల్దేరితే టిఫిన్ టైముకి వచ్చేస్తారు. కారు డోరు తెరిచేలోపే ఒకడు వచ్చి నంబర్ ప్లేటు చూసి "బన్ని సార్, గైడ్ బేకా" అని కన్నడలో మొదలుపెడతాడు, లోపల నించి హిందీ వినపడితే వెంటనే "ఆయియే సర్" అంటాడు, నన్ను చూస్తే మాత్రం "ఏమన్నా మళ్ళీ వచ్చినావా" అని నవ్వి పక్క కారు దగ్గరకి పోతాడు ఎందుకంటే నాతో ఉంటే గిట్టుబాటు కాదని వాడికి తెలుసు. తెలుగు, కన్నడ ఇంట్లోనే వస్తాయి, మా సరిహద్దులో అందరికీ అంతే. హిందీ, ఇంగ్లీషు మాత్రం పూర్తిగా టూరిస్టుల దగ్గర నేర్చుకున్నవి. "ఓల్లీ న్యాచురల్ కలర్ సార్, నో కెమికల్, ఫైవ్ హండ్రెడ్ ఇయర్స్" అని గుక్క తిప్పుకోకుండా చెప్తాడు, అందులో గ్రామర్ తప్పులు వెతికేవాడికి ఇంకేం పని లేనట్టు.

రేటు దగ్గర ఒక మాట. "ఎంతయ్యా" అంటే "మీ ఇష్టం సార్, మీకు తోచినంత ఇవ్వండి" అంటారు చూడండి, లోకంలో అన్నిటికంటే ఖరీదైన రేటు అదే. రెండొందలు ఇచ్చినా మొహమాటంగా ఉంటుంది, ఐదొందలు ఇస్తే ఎక్కువ ఇచ్చామేమో అని కారెక్కాక కూడా పీకుతూనే ఉంటుంది. నేనైతే ముందే అడిగి తేల్చుకోమనే చెప్తాను, వాళ్ళకీ అదే మేలు, ఎందుకంటే గంట తిప్పాక యాభై నోటు చేతిలో పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు కూడా తక్కువేం లేరు.

ఇక అసలు బిజినెస్ అంతా నాట్యమంటపంలో ఆ మూల ఉన్న వేలాడే స్తంభం దగ్గరే. ఆ స్తంభం పూర్తిగా నేలకి ఆనదు, కింద సందు ఉంటుంది, అందులోంచి గుడ్డ తీస్తే మంచి జరుగుతుందని నమ్మకం. ఇక్కడ పిల్లోడి పనితనం చూడాలి. ముందు టూరిస్టు ఫోన్ తీసుకుంటాడు, దాన్ని తలకిందులు చేసి కెమెరా నేలకి తగిలేటట్టు పెడతాడు, పక్కన తన ఫోన్ టార్చి వేసి సందులోకి వెలుగు కొడతాడు. తర్వాత "మేడం మీరు చున్నీ ఇటు నించి తోయండి, సార్ మీరు అటు నించి లాగండి, మెల్లగా మెల్లగా, ఇప్పుడు ఇటు చూసి నవ్వండి" అని డైరెక్షన్. చున్నీ లేకపోతే భుజం మీద తువ్వాలు రెడీగా ఉంటుంది. ఆ వీడియోలో సందు ఉన్నదానికంటే రెండింతలు పెద్దగా పడుతుంది, అదీ కిటుకు. వెనకాల క్యూలో ఉన్నవాళ్ళు అది చూసి మాకూ అలాగే తీయి బాబూ అంటారు, అక్కడికక్కడే ఇంకో బేరం.

ఆ తర్వాత బ్రిటిష్ ఇంజనీరు కథ (స్తంభాన్ని కదిలించబోతే మంటపం అంతా కదిలిందని), ఆ తర్వాత కళ్యాణమంటపం దగ్గర గోడ మీద ఎర్ర మరకలు. గుడి కట్టించిన విరూపణ్ణ, రాజుగారి ఖజానా డబ్బు గుడికి ఖర్చు పెట్టేశాడు, రాజుకి కోపమొచ్చి కళ్ళు పీకమన్నాడు, మీరెందుకు నేనే పీక్కుంటా అని పీకి గోడకి కొట్టాడు, ఇవిగో ఆ మరకలే అని చూపిస్తారు. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు, పెద్దవాళ్ళు జూమ్ చేసి ఫోటో తీసుకుంటారు.

ఇలాంటివి విని మా ఫ్రెండు ఒకడు, బాగా చదువుకున్నోడే, "ఈ గైడ్లు చెప్పేదంతా కట్టుకథలు బ్రో, హిస్టరీ నాశనం చేస్తున్నారు" అని అక్కడే క్లాసు పీకాడు. నాకు ఒళ్ళు మండింది, ఎందుకంటే అంతకు అరగంట ముందే ఆ పిల్లోడు వాడికి తలెత్తి పైకప్పు మీది రంగుల బొమ్మలు చూడమంటే "అవన్నీ తర్వాత, ముందు హ్యాంగింగ్ పిల్లర్ చూపించు, ఎండెక్కకముందే పోవాలి" అన్నది వీడే.

అదే నేను చెప్పదలుచుకున్నది. వాళ్ళకి తెలియక కాదు, మనం కొనేది అదే గనక అదే అమ్ముతారు.

ఒక వారం మధ్యలో పోయాను, బుధవారమో గురువారమో, జనం అసలు లేరు. ఆ పిల్లోడు అరుగు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఏదన్నా కొత్తది చూపించు తమ్ముడూ అంటే లోపలికి తీసుకుపోయి తన ఫోన్ సెల్ఫీ కెమెరా ఆన్ చేసి అరచేతిలో వెల్లకిలా పెట్టాడు. పైకప్పు బొమ్మలన్నీ స్క్రీన్ మీదకి వచ్చేశాయి, మెడ ఎత్తే పనే లేదు. అలా ఫోన్ పట్టుకుని నడుస్తూ కిరాతార్జునీయం, పార్వతీ కళ్యాణం, ద్రౌపదీ స్వయంవరం, దూడని తొక్కించిన రాజకుమారుడికి శిక్ష వేసిన చోళరాజు కథ, వరసగా చూపించాడు. ఆడవాళ్ళ చీరలు ఒక్కోదాని అంచు ఒక్కో రకం, ఆ డిజైన్లు ధర్మవరం చీరల్లో కూడా కనపడతాయన్నా అన్నాడు. కొప్పులు కూడా అంతే, ఏ ఇద్దరిదీ ఒకటి కాదు. తర్వాత ఒకచోట ఆగి "ఈయన ఎవరనుకుంటివి" అన్నాడు. పొడుగ్గా మొనదేలిన కుళ్ళాయిలు పెట్టుకుని ఇద్దరు నిలబడి ఉన్నారు, వెనకాల పరివారం. విరూపణ్ణ, వీరణ్ణ, గుడి కట్టించిన అన్నదమ్ములు. "కండ్లు చూడన్నా, ఎంత పెద్దగా ఉన్నాయో" అని నవ్వాడు.

అంటే గోడ మీద మరకల కథ రోజూ చెప్పేవాడికి, ఆ మనిషి పెద్ద పెద్ద కళ్ళతో పైన నిలబడి ఉన్నాడని కూడా తెలుసు. అక్కడి శాసనాలు 1530ల్లోవి, అచ్యుతదేవరాయల కాలంవి అని కూడా తెలుసు. మరి ఇది ఎందుకు చెప్పవు అంటే, "ఒకసారి రెండుసార్లు చెప్పి చూసినా అన్నా, చెప్తా ఉంటే ఎవురూ తలెత్తరు, వాట్సాప్ చూసుకుంటారు. కండ్లు పీక్కున్నాడంటే మాత్రం చేతిలో ఐస్‌క్రీం కరిగిపోతాన్నా వింటారు." ఇంకేం మాట్లాడతాం.

వీళ్ళ ఇళ్ళ సంగతికొస్తే, చుట్టుపక్కల ఊళ్ళల్లో వేరుశనగ, మల్బరీ తోట, ఇంటి పక్కన పట్టుపురుగుల షెడ్డు. గూళ్ళు హిందూపురం మార్కెట్‌కి తెస్తారు, రేటు ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండదు. డిగ్రీ చేసినోళ్ళు చాలామంది పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ వచ్చాక దాని చుట్టూ ఉన్న కంపెనీల్లో కాంట్రాక్టు కింద చేరారు, 2019లో అక్కడ కార్లు తయారవడం మొదలైనప్పుడు మా వైపు ప్రతి ఇంట్లో అదే మాట. కొందరు చేరి కొన్నాళ్ళకే వెనక్కి వచ్చేశారు. షిఫ్టు, బస్సు, ఊరు చేరేసరికి రాత్రి. ఇక్కడైతే శని ఆదివారాలు సంపాదన, మిగతా రోజులు పొలం. కానీ వానొస్తే లేదు, ఎండాకాలం మధ్యాహ్నం బండ మీద కాలు పెట్టలేం కాబట్టి లేదు, పిల్లలకి పరీక్షలైతే లేదు. శివరాత్రికి, కార్తీకమాసానికి జనం విరగబడతారు గానీ వాళ్ళు దేవుడి కోసం వచ్చినవాళ్ళు, గైడు అక్కర్లేదు. 2024 జనవరి 16న ప్రధాని మోదీ వచ్చి వెళ్ళారు, అయోధ్య ప్రాణప్రతిష్ఠకి ఆరు రోజుల ముందు, జటాయువు పడిన చోటు ఇదేనన్న నమ్మకం కదా. ఆ తర్వాత కొన్నాళ్ళు నార్త్ జనం ఎక్కువ కనపడ్డారని వీళ్ళే చెప్పారు, జటాయువు బొమ్మ దగ్గరకి ఆటోలు కూడా బాగా తిరిగాయట.

ఇంకోటి, ఈ గైడ్ పనిలో నాకు ఒక్క అమ్మాయి కూడా కనపడలేదు. నంది దగ్గర మొక్కజొన్న కంకులు, పూలు, నిమ్మసోడా అమ్మేది మాత్రం దాదాపు అందరూ ఆడవాళ్ళే, కూతుళ్ళు లెక్కలు చూస్తుంటారు, ఫోన్‌పేలో డబ్బులొచ్చాయా లేదా చూసేది వాళ్ళే. ఇంగ్లీషు ఆ అమ్మాయిలకే ఇంకా బాగా వచ్చు. ఒక్కరు మొదలుపెడితే ఫ్యామిలీలన్నీ వాళ్ళనే పిలుచుకుంటాయని నా గట్టి నమ్మకం.

యూట్యూబ్ వాళ్ళ మీద మాత్రం కుర్రాళ్ళకి పీకలదాకా కోపం ఉంది. ఒకడు మైకు పెట్టుకుని వచ్చి మొత్తం గుడి తిప్పించుకుని, మూడు తలల ఆవు బొమ్మ దగ్గర రెండు తలలు చేత్తో మూసి ఒక్కోటి ఎలా చూపించాలో కూడా నేర్చుకుని, వెళ్ళేటప్పుడు "నీ మొహం వీడియోలో పడుతుంది కదా తమ్ముడూ, పబ్లిసిటీ" అన్నాడట. వీడియోలో మొహం లేదు, గొంతు కూడా లేదు, చెప్పిందంతా ఆయనే చెప్పినట్టు ఉంది. ఇప్పుడు కొంతమంది టూరిస్టులు ఆ వీడియో చూసుకుంటూనే గుడి తిరుగుతారు, గైడ్ అవసరం లేదంటారు.

లైసెన్సు తీసుకోవచ్చు కదా అని మీరనొచ్చు. కేంద్ర టూరిజం శాఖ ఆన్‌లైన్ కోర్సు ఉంది, పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. నేనూ అదే చెప్తుంటాను. మెడలో కార్డు లేకపోతే, గుడి ఏఎస్‌ఐ (కేంద్ర పురావస్తు శాఖ) కింద ఉంది కాబట్టి ఎప్పుడు ఎవరు వచ్చి బయటికి పొమ్మంటారో తెలియదు, ఆ భయం మాత్రం నిజమే. పైగా లేపాక్షి గుడి, నంది కలిపి 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి, అంటే ప్రపంచ వారసత్వ జాబితాకి ముందు మెట్టు. అందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం, నేను కూడా. అయితే హంపీ 1986లోనే ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది కదా, అక్కడ విరూపాక్ష బజారు పాత మంటపాల్లో కాపురం, కొట్లు పెట్టుకున్న కుటుంబాలని 2011లో ఖాళీ చేయించారు. నది అవతల విరుపాపురగడ్డ రిసార్టులు 2020లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కూల్చేశారు. రాళ్ళు కాపాడాలంటే కొన్ని తీసేయాల్సిందే, కాదనను, మంటపానికి షట్టర్ బిగిస్తే ఎవరికైనా బాధేస్తుంది. కానీ ఆ రిసార్టుల్లో వండినోళ్ళు, బండ్లు అద్దెకి ఇచ్చినోళ్ళు, పుట్టి తిప్పినోళ్ళు అంతా చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలే. లేపాక్షికి ఆ రోజొస్తే కంకులమ్మే ఆవిడకి ఎక్కడ చోటిస్తారో ఇప్పుడే రాసి పెట్టుకుంటే మంచిది, తర్వాత పోలీసుల్ని పెట్టి లేపించే బదులు.

గండికోటలో పరిస్థితి వేరే. అక్కడ కథలు చెప్పే పనిలేదు, పెన్నా లోయ చూస్తే నోరు దానంతటదే మూతపడుతుంది. టెంటు, చలిమంట, ముందు ఫోన్ చేస్తే నాటుకోడి, అంతే బిజినెస్, ఊళ్ళో కుర్రాళ్ళే చేస్తారు. పొద్దున్నే లేచి తాగి పడేసిన సీసాలు ఏరేది కూడా వాళ్ళే. దాని గురించి ఇంకోసారి రాస్తా, అదో పెద్ద పురాణం.

లేపాక్షి పోయేవాళ్ళుంటే వీలైతే వారం మధ్యలో పోండి, హిందూపురం స్టేషన్ నించి బస్సులున్నాయి. గైడ్‌ని పెట్టుకుంటే రేటు ముందే మాట్లాడుకుని, స్తంభం ఎలాగూ చూపిస్తాడు, "పైన బొమ్మలన్నీ చూపించు, కుళ్ళాయిలు పెట్టుకున్న అన్నదమ్ములు ఎక్కడున్నారు" అని అడగండి. ఫోన్‌లో చార్జింగ్ ఉంచుకోండి, వాడి ఫోన్ స్క్రీన్ పగిలి ఉంది.