మెథోట్రెక్సేట్ మొదలుపెట్టే ముందు మద్యం మానడం: నా అనుభవం

నాకు సొరియాసిస్ ఉంది, అంటే చర్మం మీద మందమైన పొలుసుల మచ్చలు లేచే జబ్బు. మద్యం మానేసినంత మాత్రాన అది పోదు. అది తెలిసే మానేశాను. డాక్టర్‌గారు దానికి మెథోట్రెక్సేట్ అనే మాత్ర మొదలుపెడదామన్నారు. ఆ మాత్ర భారమూ మద్యం భారమూ పడేది ఒకే కాలేయం మీద. సొరియాసిస్ ఉన్నవాళ్లలో కొవ్వు పట్టిన కాలేయం మామూలుగానే ఎక్కువ.

ముందు లెక్క తేల్చుకోవాలి. "అప్పుడప్పుడు తాగుతానండి" అంటే డాక్టర్‌కి ఏమీ తెలియదు. మిల్లీలీటర్లను సీసా మీదున్న శాతంతో గుణించి, 100తో భాగించి, మళ్లీ 0.8తో గుణిస్తే ఆల్కహాల్ గ్రాముల్లో వస్తుంది. 40 శాతం మద్యం 60 మి.లీ. అంటే దాదాపు 19 గ్రాములు, 5 శాతం బీరు 330 మి.లీ. అంటే దాదాపు 13. వారం మొత్తం కలిపి కాగితం మీద రాసి ఇచ్చాను. ఇక్కడ తగ్గించి చెబితే డాక్టర్ తప్పుడు లెక్క మీద మందు ఎంచుకుంటారు, నష్టం మనకే.

రోజూ గట్టిగా తాగేవాళ్లు మాత్రం ఉన్నపళంగా మానకూడదు. చేతులు వణకడం, చెమటలు, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలోనే తగ్గించుకోవాలి.

మాత్రకు ముందు రక్తకణాల లెక్క, ఎల్‌ఎఫ్‌టీ (కాలేయం పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించారు. మొదలయ్యాక వారం రెండు వారాలకోసారి, నిలకడ వచ్చాక రెండు మూడు నెలలకోసారి రక్తం ఇవ్వాలి. మాత్ర వేసుకున్న మర్నాడో ఆ మర్నాడో ఇస్తే కాలేయం ఎంజైములు తాత్కాలికంగా పెరిగి కనిపించవచ్చు, అందుకే తర్వాతి డోసుకు కాస్త ముందు ఇస్తాను. ఇక అన్నిటికంటే ముఖ్యం: మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఏ రోజో చీటీ మీద రాయించుకోండి. దానికి తోడుగా ఇచ్చే ఫోలిక్ యాసిడ్ విటమిన్ వేరే రోజున.

మానాక నాకు ముందుగా తగ్గింది రాత్రి దురద. తాగితే చర్మంలో రక్తనాళాలు విచ్చుకుని ఒళ్లు వేడెక్కుతుంది, దురద రేగుతుంది, నిద్ర చెదురుతుంది, నిద్రలో గోకితే గీరుకున్న చోటే కొత్త మచ్చ లేవవచ్చు. మందమైన పొలుసులు మాత్రం నెమ్మదిగానే పలచబడ్డాయి. మెథోట్రెక్సేట్ పని చేయడానికే వారాలు పడుతుంది, ఒక్కోసారి మూడు నెలలు. అందులో మాత్ర వాటా ఎంత, మానడం వాటా ఎంత అన్నది విడదీసి చెప్పలేను. రెండో వారానికే అద్దంలో చూసి నిరాశపడితే మళ్లీ సీసా దగ్గరికే వెళ్తాం, దయచేసి ఆగండి.

దురదకి రాత్రిపూట ఇచ్చే హైడ్రాక్సిజైన్ లాంటి మత్తు మాత్రలు మద్యంతో కలిస్తే మత్తు ప్రమాదకరంగా పెరుగుతుంది. ఈ సంగతి చాలామంది అడగరు, కొందరు డాక్టర్లు చెప్పరు.

సొరియాసిస్‌కే ఇచ్చే మరో మందు అసిట్రెటిన్ రాస్తే లెక్క ఇంకోలా ఉంటుంది. మద్యం తోడైతే అది ఒంట్లో ఎట్రెటినేట్ అనే మరో పదార్థంగా మారి కొవ్వులో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది, గర్భంలో బిడ్డకు హాని చేస్తుంది. పిల్లలు పుట్టే వయసున్న స్త్రీలకు ఈ మందు రాయడమే అరుదు. రాస్తే వాడినన్నాళ్లూ, ఆపాక మరో రెండు నెలలూ చుక్క ముట్టకూడదు. గర్భం రాకుండా జాగ్రత్త ఆపాక మూడేళ్ల వరకూ.