అనుమతి అక్కరలేని ఆట

కెనడాలో జూన్ 21 జాతీయ ఆదివాసీ ప్రజల దినం. 1996లో గవర్నర్ జనరల్ రోమియో లెబ్లాంక్ ప్రకటించిన ఈ దినాన మానిటోబా రాష్ట్ర రాజధాని విన్నిపెగ్‌లో పెద్ద మైదానాలలోనే కాక పేటల్లోని చిన్న పార్కుల్లో కూడా ఆదివాసీ నృత్యాల ఢోలు మోగుతుంది. నాకు ఆ చిన్న సభలే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే అక్కడ ఆడేవారికీ చూసేవారికీ నడుమ వేదిక ఎత్తు ఉండదు.

అక్కడ కూర్చున్న ప్రతిసారీ నాకు ఆదివాసులపై కెనడా చేసిన ‘ఇండియన్ యాక్ట్’కు 1914 నాటి సవరణ గుర్తుకొస్తుంది. మానిటోబాతో సహా పడమటి రాష్ట్రాల ఆదివాసులు అధికారి అనుమతి లేకుండా రిజర్వు (తమకు కేటాయించిన ప్రాంతం) దాటి వెళ్లి, తమ సంప్రదాయ దుస్తులతో నృత్యప్రదర్శనలో పాల్గొనడం నేరమని అది శాసించింది. పసిఫిక్ తీరపు ఆదివాసులు విందుతో కానుకలు పంచే పాట్లాచ్ వేడుకపై 1885 నుంచే నిషేధం ఉంది. ఈ నిబంధనలు 1951లో గానీ తొలగిపోలేదు. నగరం నడుమ, పూర్తి అలంకరణతో, మనుమలను వెంటబెట్టుకొని నేడు ఆడుతున్న ఈ ఆట అక్కడి పెద్దల్లో కొందరి బాల్యంలో శిక్షకు గురికాదగినది. దీనిని ‘రంగురంగుల సాంస్కృతిక కార్యక్రమం’ అని తేలికగా తీసుకునే మన అలవాటు నాకు అందుకే మింగుడుపడదు.

ఒకే పెద్ద ఢోలు చుట్టూ గాయకులు కూర్చుంటారు. ఒకరు పల్లవి ఎత్తుకుంటే మిగిలినవారు అందుకుంటారు. చాలా పాటల్లో అర్థమున్న మాటలే ఉండవు, స్వరమే పాటను నడిపిస్తుంది. నడుమ వచ్చే గట్టి దెబ్బలకు స్త్రీలు చేతిలోని ఈకల విసనకర్రలను పైకెత్తుతారు. వారిలో లోహపు గొట్టాలు కుట్టిన గౌనుతో ఆడే జింగిల్ నృత్యం నన్ను ఎక్కువగా ఆకట్టుకుంటుంది. 1918 ఇన్‌ఫ్లుయెంజా కాలంలో, జబ్బుపడిన బాలిక కోలుకోవడానికి ఓజిబ్వే అనే ఆదివాసీ జాతి పెద్ద ఒకరికి కలలో ఈ దుస్తులూ అడుగులూ కనిపించాయని చెబుతారు. ఆ గొట్టాలను మొదట్లో పొగాకు డబ్బాల మూతలతోనే చుట్టేవారు. స్వస్థత కోరే నృత్యం కనుక నేటికీ కొందరు తమవారి ఆరోగ్యం కోసం ఆడమని అడుగుతారు.

ఆ తరువాత ఆదివాసీ, ఐరోపా సంతతులు కలిసి ఏర్పడిన మేటీ ప్రజల ఫిడేలు వస్తే పార్కు తీరే మారిపోతుంది. జంతువుల బొచ్చుతోళ్ల వ్యాపారానికి వచ్చిన స్కాట్లాండు, ఫ్రెంచి వారి వాద్యం ఇక్కడి ఆదివాసీ తల్లుల అడుగులతో కలిసి రెడ్ రివర్ జిగ్ అనే నృత్యం అయింది. స్వరం పైస్థాయిలో ఉన్నంతసేపూ మామూలు అడుగు వేస్తారు. కిందికి దిగగానే ఎవరికి వారు తమ సొంత విన్యాసాలు చూపుతారు.

వెళ్లదలచిన తెలుగువారికి ఒక మాట. వారు ధరించేది వేషం కాదు. ఆదిలాబాద్ గోండుల దండారీ పండుగలో గుస్సాడీ నర్తకుడు నెమలి ఈకల కిరీటాన్ని పూజించి గానీ తలకెత్తుకోనట్లే ఇక్కడి ఈకలకూ మర్యాద ఉంది. అందువల్ల వాటిని తాకకూడదు, ఫోటో తీసే ముందు అడగాలి, ప్రారంభ ఊరేగింపు వేళ లేచి నిలబడాలి. వ్యాఖ్యాత ‘ఇంటర్‌ట్రైబల్’ అని పిలిచినప్పుడు మాత్రం అందరూ లోపలికి రావచ్చు; ఇక్కడ సాధారణంగా సవ్యదిశలోనే తిరుగుతారు, అడుగులు తెలియకపోయినా ఢోలు దెబ్బకు పాదం కలిస్తే చాలు.