నా చెవి కొలతకి చేయించుకున్న ఇయర్‌ఫోన్స్

రెండేళ్ల క్రితం నాన్న చెవి మిషన్ కోసం హిమాయత్‌నగర్‌లో ఒక హియరింగ్ ఎయిడ్ సెంటర్‌కి వెళ్లాం. అక్కడి ఆడియాలజిస్ట్ అమ్మాయి నాన్న చెవిలో గులాబీ రంగు ముద్ద నింపి, ఐదు నిమిషాలాగి బయటికి తీసి బల్ల మీద పెట్టింది. నాన్న చెవి లోపలి ఆకారం అచ్చంగా అందులో దిగింది. ఒక వంపు, సన్నబడిన చోటు, మళ్లీ ఇంకో వంపు. చెవి లోపల ఇంత మెలిక ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. నా ఎడమ చెవిలో ఏ ఇయర్‌ఫోనూ పది నిమిషాలు ఎందుకు నిలవదో ఆ ముద్దని చూశాకే అర్థమైంది.

నేను రోజూ నాగోల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగుతాను. పోను దాదాపు గంట, రాను గంట. నాకు నాది అంటూ మిగిలే సమయం అదే. ఫోన్‌లో ఉండేదంతా పాత కర్ణాటక సంగీతం: ఓలేటి వెంకటేశ్వర్లు గారి గాత్రం, నేదునూరి కృష్ణమూర్తి గారి గాత్రం, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్. చాలావరకు రేడియోలో వచ్చినప్పుడు ఎవరో కేసెట్‌లోకి ఎక్కించుకుంటే, అది చేతులు మారుతూ నాదాకా వచ్చినవి. రైలు చప్పుడులో ముందుగా మాయమయ్యేది తంబూర. ఆ తర్వాత మృదంగం ఎడమ వైపు నుంచి వచ్చే గుమ్కీ, అంటే ఆ లోతైన నాదం. ఆ రెండూ లేకపోతే గొంతు ఒక్కటీ గాలిలో వేలాడుతున్నట్టు ఉంటుంది. అందుకే వాల్యూమ్ పెంచేదాన్ని. ఫోన్‌లో 15 గీతలుంటే 13 దాకా వెళ్లేది. ఇంటికొచ్చాక చెవుల్లో గుయ్యిమనేది.

నాన్న ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష గ్రాఫు, చూపిస్తూ ఆ అమ్మాయి చెప్పిన మాట నన్ను భయపెట్టింది. పోయిన వినికిడి తిరిగి రాదు మేడమ్, ఉన్నదాన్ని కాపాడుకోవడమే అంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినొచ్చు. 90కి చేరితే 4 గంటలే. నేను వారానికి పది గంటలు వింటున్నాను.

నాయిస్ క్యాన్సిలింగ్ బడ్స్ కొన్నాను. రైలు హోరు తగ్గింది నిజమే, కానీ పక్కవాళ్ల మాటలు, స్టేషన్ అనౌన్స్‌మెంట్లు అలాగే వినిపించాయి. పైగా ఎడమది ఎప్పటిలాగే జారిపోయేది. చెవి సరిగ్గా మూసుకోకపోతే ఎంత మంచి ఇయర్‌ఫోన్‌లోనైనా బేస్, అంటే లోతైన మంద్ర శబ్దం, బయటికి పోతుంది. నా అసలు సమస్య అదే. రబ్బరు టిప్స్ చిన్నవి, పెద్దవి, మూడంచెలవి, ఫోమ్‌వి అన్నీ అయ్యాయి. ఇక చెవి అచ్చుతో చేయించుకోవడమే మార్గం అనుకున్నాను.

ఇవి మొదట స్టేజీ మీద పాడేవాళ్లకీ వాయించేవాళ్లకీ వచ్చినవి. 1995లో జెర్రీ హార్వీ అనే సౌండ్ ఇంజనీర్ వాన్ హేలెన్ బ్యాండ్ డ్రమ్మర్ అలెక్స్ వాన్ హేలెన్ కోసం ఇలాంటివి తయారుచేశాడు. అల్టిమేట్ ఇయర్స్ కంపెనీ అలా మొదలైంది. వీటిలో వాడే బియ్యపు గింజంత స్పీకర్లు, అంటే బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్లు, వినికిడి యంత్రాల నుంచి వచ్చినవే. నాన్న మిషన్‌లోనూ అలాంటిదే ఉంది. అది తెలిశాక ఈ వస్తువు మీద నాకు ఇంకాస్త ఆప్యాయత పెరిగింది.

ఎంచుకోవడం దగ్గర మూడు నెలలు తర్జనభర్జన పడ్డాను. నేను చూసినవాటిలో ఒక్కో చెవికి రెండు డ్రైవర్ల (ఆ చిన్న స్పీకర్లనే అలా అంటారు) నుంచి పన్నెండు దాకా ఉన్నాయి. లెక్క పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది. ఇంకొకరి చెవికి చేసినవి మనకి పట్టవు కాబట్టి, కొనేముందు విని చూడటానికి అవే మోడళ్లలో మామూలు టిప్స్‌తో ఉండే డెమో ముక్కలే దిక్కు. ఆఫీసు పని మీద బెంగళూరు వెళ్లినప్పుడు ఒక ఆడియో షాపులో రెండు గంటలు కూర్చున్నాను. నా ఫోన్, నా పాటలే పెట్టాను. ఖరీదైనవాటిలో రెండు పై స్వరాల్ని అద్దంలా చూపించాయి, కానీ నా పాత రికార్డింగుల్లో టేపు బుస కూడా అంతే స్పష్టంగా ముందుకొచ్చింది. మూడు డ్రైవర్లది ఒకటి పెట్టగానే గొంతు దగ్గరికొచ్చింది, బుస వెనక్కి పోయింది. మీరు వినే పాటలతోనే పరీక్షించండి అని గట్టిగా చెబుతాను. షాపువాళ్లు పెట్టే పాటలో ఏ ఇయర్‌ఫోన్ అయినా బాగానే ఉంటుంది.

ఇక చెవిలో కూర్చునే తొడుగు దేనితో చేయించాలన్నది. సిలికాన్ మెత్తగా ఉంటుంది, దవడ కదిలినా బాగా పట్టి ఉంటుంది. యాక్రిలిక్ గట్టిది, కానీ రిపేరుకి విప్పడం తేలిక, ఎక్కువకాలం మన్నుతుంది. నేను యాక్రిలిక్ తీసుకున్నాను. కేబుల్ ఊడదీసి మార్చుకునేలా రెండు పిన్నులది అడిగాను. విదేశీ కంపెనీ కావడంతో సుంకంతో కలిపి నలభై వేలు దాటింది. ఒకరి చెవికి చేసినది కాబట్టి మళ్లీ అమ్ముకోవడమూ కుదరదు. డబ్బు కట్టేముందు ఆ సంగతి బాగా ఆలోచించుకోవాలి.

అచ్చు ఇవ్వడానికి మళ్లీ నాన్న వెళ్లిన సెంటర్‌కే వెళ్లాను. ఆ అమ్మాయి లైటు వేసి చూసి, కుడి చెవిలో గుబిలి ఉంది, ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర తీయించుకుని రండి అని తిప్పి పంపింది. వారం తర్వాత వెళ్తే జూకాలు, మాటీలు తీసేయమంది. దారం కట్టిన చిన్న స్పాంజి ముక్కని చెవిలో రెండో వంపు దాటేదాకా నెట్టింది. కర్ణభేరికి ముద్ద తగలకుండా అదే అడ్డం. గొంతులో చక్కిలిగిలి పెట్టినట్టయి దగ్గొచ్చింది. కొంతమందికి అలాగే వస్తుందట. తర్వాత రెండు రంగుల ముద్దల్ని కలిపి సిరంజితో నింపింది. చల్లగా, బరువుగా లోపలికి పాకుతూ వచ్చింది. ఒక్కసారిగా లోకమంతా ఆగిపోయినట్టు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నా ఊపిరి నాకే వినిపించింది. మెట్రోలో నాకు కావలసింది ఇదే కదా అనిపించింది.

కొరియర్‌లో పంపాను. ఐదు వారాలకి డబ్బా వచ్చింది. ఎర్ర గుర్తు కుడికి, నీలం ఎడమకి. చెవి పైభాగాన్ని కాస్త వెనక్కి లాగి, మెల్లగా తిప్పుతూ పెట్టుకోవాలి. కుడి చెవిలో చక్కగా కూర్చుంది. ఎడమది ఊరికే ఉంటే బాగుంది, కానీ నవ్వినా మాట్లాడినా గాలి దూరి బేస్ పోయేది. అంత డబ్బు పోసి మళ్లీ అదే ఎడమ చెవి! రెండు రోజులు అన్నం సహించలేదు.

తప్పు అచ్చు తీసిన పద్ధతిలో ఉంది. నోరు తెరిస్తే దవడ ఎముక కదులుతుంది, దాంతో చెవి దారి ఆకారం మారుతుంది. అందుకే పళ్ల మధ్య చిన్న దిమ్మ పెట్టి, నోరు తెరిచి ఉంచి అచ్చు తీయాలని చాలా కంపెనీలు అడుగుతాయి. వినికిడి యంత్రాలకి ఆ అలవాటు తక్కువ. నేను కంపెనీ పంపిన సూచనల కాగితం చూపించలేదు, ఆమె నోరు మూసుకునే ఉండమంది. రెండోసారి కాగితం ప్రింటు తీసి పట్టుకెళ్లాను. ఆమె శ్రద్ధగా చదివి, అలాగే తీసి, ముద్దలో బుడగలు లేవని నా ఎదుటే తిప్పి చూపించింది. ముప్ఫై రోజుల్లోపు అడిగితే ఉచితంగా సరిచేస్తామన్న మాట ఉండబట్టి కొరియర్ ఖర్చుతో బయటపడ్డాను.

సరిచేసినవి వచ్చిన మర్నాడు ఉదయం నాగోల్‌లో ఎక్కి ఓలేటి గారి మోహన రాగం పెట్టాను. అమీర్‌పేట దగ్గర జనం తోసుకుంటూ ఎక్కారు. తంబూర వినిపిస్తూనే ఉంది. వాల్యూమ్ చూస్తే 6 దగ్గరుంది. బయటి శబ్దం 26 డెసిబెల్స్ దాకా తగ్గుతుందని కంపెనీవాళ్లు అంటారు. నా దగ్గర కొలిచే సాధనం లేదు గానీ, చెవుల్లో ఆ గుయ్యి మాత్రం ఇప్పుడు లేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. వీటితో నడిస్తే అడుగు వేసిన ప్రతిసారీ తలలో దబ్‌దబ్‌మంటుంది, జంతికలు నములుతూ పాట వినలేం. కేబుల్ చెవి మీదుగా వస్తుంది కాబట్టి మాటీలతో చిక్కుపడుతుంది, కళ్లజోడు కాళ్లకి ఒరుసుకుంటుంది. రోడ్డు మీద మాత్రం రెండూ తీసి జేబులో వేసుకుంటాను, హారన్ కూడా వినపడదు మరి.

రాత్రి పడుకునేముందు నాన్న తన మిషన్ అచ్చుని చిన్న బ్రష్షుతో తుడుచుకుంటారు. ఆయన అయ్యాక అదే డబ్బాలోంచి నా బ్రష్షు తీసుకుని, పక్కనే కూర్చుని, గొట్టాల కొసల్లో చేరిన గుబిలిని నేనూ తుడుచుకుంటాను. "ఎడమది సరిపోయిందా తల్లీ?" అని అప్పుడప్పుడూ అడుగుతారు. సరిపోయింది నాన్నా అని కొంచెం గట్టిగా చెబుతాను.