ఎయిర్‌బ్యాగ్ మీద రంగు మరక

"అక్కా, బ్యాగ్ మీద ఆ రంగు చూడు!"

కొత్త కారు కొనాలని సాయంత్రం ఇద్దరం, కార్ల భద్రతకు స్టార్ రేటింగ్ ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ వాళ్ల క్రాష్ టెస్ట్ వీడియోలు చూస్తున్నాం. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో కారు వెళ్లి గుద్దుకుంది. లోపల మనిషికి బదులు కూర్చోబెట్టిన డమ్మీ మొహం ఎయిర్‌బ్యాగ్‌లోకి దిగిపోయింది.

తల సరిగ్గా ఎక్కడ తగిలిందో తెలియడం కోసం, డమ్మీ మొహానికి ఆ రంగు ముందే పూస్తారట. మెడలో, ఛాతీలో, తొడల్లో సెన్సర్లు. ఛాతీ ఎన్ని మిల్లీమీటర్లు లోపలికి నొక్కుకుందో కూడా చెప్పేస్తాయి. మన పక్కటెముకలు విరగకూడదని ఆ బొమ్మ అన్ని దెబ్బలు తింటోంది.

"అది నా అంత ఉంటుందా?" అంది అక్క.

ఉండదు. ప్రపంచమంతా వాడే హైబ్రిడ్ 3 డమ్మీ 1976లో వచ్చింది. సుమారు 175 సెంటీమీటర్లు, 78 కిలోలు. సగటు అమెరికన్ మగవాడి కొలతలు. ఆడవాళ్ల పేరుతో ఉన్నది దాన్నే కుదించి చేసిన, 150 సెంటీమీటర్ల డమ్మీ. అక్క ఈ రెండూ కాదు. పైగా సీటు ముందుకు లాక్కుని, స్టీరింగ్‌కి బాగా దగ్గరగా కూర్చుంటుంది.

వెనకనుంచి గుద్దితే మెడ దెబ్బలు ఆడవాళ్లకే ఎక్కువ. సగటు మహిళ శరీరంతో, 162 సెంటీమీటర్లు, 62 కిలోల డమ్మీని స్వీడన్‌లో పరిశోధకురాలు ఆస్ట్రిడ్ లిండర్ బృందం చూపించింది 2022లో. అంత ఆలస్యమా! నాకు నిజంగా కోపం వచ్చింది.

రేపు షోరూమ్‌లో అక్క మొదట అడగబోయేది మైలేజీ కాదు, డ్రైవర్ సీటు ఎత్తు పెంచుకునే వీలుందా అని.