సారె సూటుకేసుకి కొత్త రివెట్లు

ఇప్పుడు బల్ల మీద ఉన్నది వి.ఐ.పి. సూటుకేసు. పెద్ద సైజు, ముదురు నీలం, గట్టి ప్లాస్టిక్ ఒళ్ళు, చక్రాల్లేవు. ఎనభైల్లో మా పిన్ని కాపురానికి వచ్చినప్పుడు పాతపట్నం నుంచి సారెతో పాటు మహేంద్రతనయ నది దాటి ఒడిశా వైపున్న మా పర్లాకిమిడికి చేరింది. అంతకుముందు తరం పెళ్ళిళ్ళలో ఆ చోటు ట్రంకుపెట్టెది. పిన్ని పెళ్ళి నాటికి ట్రంకుపెట్టె ఇస్తే వియ్యాలవారు మూతి ముడుచుకునే రోజులు వచ్చేశాయి.

దాని అవస్థ ఇదీ. ఎప్పుడో బస్సు టాపు మీంచి జారిపడి మూత మూల దగ్గర బెత్తెడు పగిలింది. పిడి ఒక పక్క ఊడి వేలాడుతోంది. నంబర్ల తాళం పడి ఉంది, నంబరు ఎవరికీ గుర్తులేదు. లోపల అస్తరు సంగతి చెప్పనక్కర్లేదు, అటక మీద ఇన్నేళ్ళు ఉన్న పెట్టెకి ఎలకలు చేసే మర్యాద అందరికీ తెలిసిందే.

ముందు తాళం

పగలగొట్టేద్దాం అన్నవాళ్ళు ఇంట్లో ఇద్దరు. అక్కర్లేదు. మూడు చక్రాల తాళానికి 000 నుంచి 999 దాకా వెయ్యి నంబర్లే ఉంటాయి. ఎడమ బొటనవేలితో మీటని తెరిచే వైపు కొద్దిగా నెట్టిపట్టి, కుడిచేత్తో చివరి చక్రం ఒక్కో అంకె తిప్పుతూ పోవాలి. తీరిగ్గా కూర్చుంటే అరగంట, మహా అయితే గంట. మొదలుపెట్టే ముందు చక్రాల సందుల్లో కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసి ఒక పూట వదిలెయ్యండి. లేకపోతే దుమ్ముకి చక్రం రెండంకెల మధ్య ఆగిపోయి, సరైన నంబరు వచ్చినా తెలీకుండా దాటిపోతుంది.

తాళం వచ్చింది. లోపల జేబులో ఒక మడత కాగితం, దాని మీద పిన్ని చేతిరాతతో అదే నంబరు! తాళం నంబరు రాసి పెట్టెలోనే దాచడం మా ఇంట్లోనే ఉన్న తెలివి అనుకున్నాను గానీ, చాలా ఇళ్ళలో ఇదే వరసట.

నంబరు మార్చుకోవాలంటే పెట్టె తెరిచి, తాళం వెనకవైపు చూడండి. చిన్న మీట ఉంటుంది. దాన్ని పక్కకి జరిపి, కొత్త నంబరు పెట్టి, మళ్ళీ యథాస్థానానికి తేవాలి. మూత వేసే ముందే రెండు మూడుసార్లు తాళం ఆడించి చూసుకోవాలి.

నీళ్ళలో వేసి చూస్తే తెలుస్తుంది

పగులు అతికించాలంటే అది ఏ ప్లాస్టిక్కో ముందు తెలియాలి. పగులు అంచున వేలాడే గోరంత ముక్క తీసి గ్లాసెడు నీళ్ళలో వేశాను. తేలింది. తేలితే పాలీప్రొపిలీన్ గానీ దాని దగ్గరి చుట్టం పాలిథిన్ గానీ అయి ఉంటుంది. సూటుకేసులకి వాడే ఇంకో గట్టి ప్లాస్టిక్ ఏబీఎస్ అయితే మునుగుతుంది. ఇంకొక ముక్కని పట్టకారుతో పట్టుకుని అంటిస్తే ఏబీఎస్ నల్లటి మసితో మండుతుంది, పాలీప్రొపిలీన్ కొవ్వొత్తి ఆర్పినప్పటి వాసన వేస్తూ కరిగి చుక్కలుగా కారుతుంది. ఇది కారింది. అంటించే పని ఆరుబయట చెయ్యాలి, మొహం దగ్గర పెట్టుకోకూడదు.

ఈ పరీక్ష ఎందుకంటే, రెండిటికీ వైద్యం వేరు. ఏబీఎస్ ముక్కల్ని ఎసిటోన్‌లో నానబెడితే చిక్కటి జిగురవుతుంది, దాంతోనే అతకొచ్చు. పాలీప్రొపిలీన్‌కి మాత్రం బజారులో దొరికే మామూలు జిగురు ఏదీ పట్టదు. పైకి పట్టినట్టే ఉంటుంది, మూత రెండుసార్లు వేసి తీస్తే పెచ్చులా లేచిపోతుంది. రంగూ అంతే, దానికని అమ్మే ప్రైమరు పూయకుండా వేస్తే గోటితో గీకితే వచ్చేస్తుంది. అందుకే ఈ పెట్టెకి రంగు వెయ్యట్లేదు. గీతలు గీతల్లాగే ఉంటాయి.

ఇంత మొండి ప్లాస్టిక్‌తో పెట్టెలు చెయ్యాలని ఎవరికి తోచింది? ఆ ప్రశ్నే నన్ను కంపెనీల చరిత్రలోకి లాక్కెళ్ళింది.

పాలీప్రొపిలీన్ పాతదేమీ కాదు. ఇటలీలో జూలియో నట్టా దాన్ని వాడకానికి పనికొచ్చే రూపంలో తయారుచేసింది 1954లో, ఆ తరహా పనికే 1963లో జర్మనీకి చెందిన జీగ్లర్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు. అంతకుముందు పెట్టెలంటే చెక్క, తోలు, రేకు, లేదా కాగితం. కాగితం అంటే నవ్వకండి. 1897లో జర్మనీలో మొదలై తరవాత ఇంగ్లండుకి మారిన గ్లోబ్‌ట్రాటర్ కంపెనీ ఇప్పటికీ కాగితం పొరల్ని రసాయనంతో ఒక్కటిగా నొక్కి చేసిన వల్కనైజ్డ్ ఫైబర్‌తోనే సూటుకేసులు చేస్తుంది. దాని మీద ఏనుగుని నిలబెట్టి ప్రకటన వేసుకున్నారు కూడా.

అమెరికాలో శాంసొనైట్‌ది ఇంకో దారి. 1910లో డెన్వర్‌లో జెస్సీ ష్వేడర్ ట్రంకుపెట్టెల కంపెనీగా పెట్టాడు. గట్టిదనం చూపించడానికి వీళ్ళు ఏనుగు జోలికి పోలేదు. సూటుకేసు మీద పలక వేసి తండ్రి, అన్నదమ్ములతో సహా ఎక్కి నిలబడి ఫోటో దిగారు. బైబిల్లోని బలశాలి శాంసన్ పేరు పెట్టె పేరయింది, తరవాత అదే కంపెనీ పేరయింది. 1941లో స్ట్రీమ్‌లైట్, 1956లో చెక్క డబ్బా కట్టడాన్ని వదిలేసి మెగ్నీషియంతో అల్ట్రాలైట్, 1969లో పాలీప్రొపిలీన్‌తో శాటర్న్. సరుకు మారినప్పుడల్లా పెట్టె ఆకారమూ మారింది.

నాసిక్ సంగతి

ఆ రోజుల్లోనే మన దగ్గర 1968లో అరిస్టో ప్లాస్ట్ అన్న పేరుతో వి.ఐ.పి. కంపెనీ రిజిస్టరయింది. నాసిక్‌లో మొదటి వి.ఐ.పి. సూటుకేసు బయటికి వచ్చింది 1971లో. దిలీప్ పిరమాల్ చేతుల్లో అది దేశమంతా పాకింది. విదేశీ సరుకు తెచ్చుకోవడం కుదరని కాలం. ఇక్కడ చేసేవాడిదే బజారు.

నాకు ఆసక్తిగా అనిపించింది వీళ్ళ తోబుట్టువు కంపెనీ బ్లో ప్లాస్ట్. అది లియో బొమ్మలు చేసేది, అమెరికా బొమ్మల కంపెనీ మాటెల్‌తో కలిసి మన దేశంలో బార్బీని చేసింది కూడా ఆ ఇంటివాళ్ళే. అంటే తుపాకీ బొమ్మయినా, పెళ్ళి సూటుకేసయినా అసలు విద్య ఒక్కటే: కరిగిన ప్లాస్టిక్‌ని అచ్చులోకి పోసి ఆకారం తియ్యడం. తోలుపనివాళ్ళ వంశం నుంచి వచ్చిన కంపెనీ కాదిది, అచ్చుపోతవాళ్ళ కంపెనీ. పిన్ని పెట్టెలో ఆ ముద్ర బాగా కనిపిస్తుంది. మూలలు కుట్టినవి కావు, పోసినవి. మూత మీద నిలువు చారలు అందానికే అనుకునేవాణ్ణి. వేళ్ళతో లోపలి నుంచి తడిమితే తెలిసింది, పలచటి గోడ వంగకుండా పట్టి ఉంచేవి అవే. చారలున్న చోట ఎక్కడా పగల్లేదు. పగిలింది చారలు ఆగిపోయిన నున్నటి మూలలో.

తరవాతి కథ త్వరగా చెప్తాను. తొంభైల్లో వచ్చిన శాంసొనైట్ కూడా నాసిక్ జిల్లాలోనే గోందే దగ్గర ఫ్యాక్టరీ పెట్టింది. 2004లో వి.ఐ.పి. బ్రిటన్ బ్రాండు కార్ల్‌టన్‌ని కొనుక్కుంది, 2007లో బ్లో ప్లాస్ట్‌ని తనలో కలిపేసుకుంది. ఆ మధ్యలో జనం గుడ్డ బ్యాగుల వైపు తిరిగారు, చాలా సరుకు చైనా నుంచి రావడం మొదలైంది. ఇప్పుడు మళ్ళీ గట్టి పెట్టెలదే రాజ్యం, కాకపోతే పాలీకార్బొనేట్ అనే ఇంకో ప్లాస్టిక్ కూడా వచ్చింది, నాలుగు చక్రాలతో. వి.ఐ.పి.లో ఎండీగా చేసిన సుధీర్ జటియా బయటికొచ్చి సఫారీ అనే సూటుకేసుల కంపెనీని చేజిక్కించుకుని పాత ఇంటికే పోటీ అయ్యారు. 2025లో పిరమాల్ కుటుంబం తమ వాటాలో పెద్ద భాగాన్ని మల్టిపుల్స్ అనే పెట్టుబడి సంస్థ బృందానికి అమ్మడానికి ఒప్పుకుంది.

పగులు

జిగురు పట్టదు కాబట్టి కరిగించి అతకడమే. పగులు చివర ఎక్కడ ఆగిందో వెలుతురుకి పట్టి చూసి, సరిగ్గా అక్కడ 3 మి.మీ. డ్రిల్ బిట్‌తో చిల్లు వేశాను. గుండ్రటి చిల్లు దగ్గర పగులు ఆగుతుంది, లేకపోతే అతికిన తరవాత కూడా పాకుతూనే ఉంటుంది. తరవాత పగులు పొడవునా కత్తి మొనతో రెండు పక్కలా చెక్కి వి ఆకారంలో గాడి తీశాను.

నింపడానికి అదే జాతి ప్లాస్టిక్ కావాలి. వంటింట్లో పారేసే డబ్బా మూతలు తిరగేసి చూడండి, త్రికోణంలో 5 అని ఉంటే పాలీప్రొపిలీన్. 2 ఉంటే వద్దు, అది హెచ్‌డీపీఈ, అంటే పాలిథిన్‌లో ఒక రకం, కలవదు. మూతని అగ్గిపుల్ల మందాన పేలికలుగా కోసుకున్నాను. పాలీప్రొపిలీన్ 160 డిగ్రీల పైన కరుగుతుంది. వేడి తగ్గించుకునే వీలున్న సోల్డరింగ్ ఐరన్ అయితే మేలు, మామూలుది మరీ వేడెక్కి ప్లాస్టిక్‌ని గోధుమరంగుకి మాడ్చేస్తుంది. మాడిన చోట బలం ఉండదు. గాడినీ పేలికనీ ఒకేసారి కరిగించి రెండూ కలిసేలా నొక్కాలి, పైన పూత పూసినట్టు పెడితే లాభం లేదు.

లోపలి వైపు స్టీలు జాలీ ముక్క ఒకటి వేడిచేసి ప్లాస్టిక్‌లోకి దిగేలా నొక్కాను, టీ వడపోత పాతది పనికొచ్చింది. కిటికీలన్నీ తెరిచి, ఫ్యాను పొగని బయటికి తోసేలా పెట్టుకుని చెయ్యండి. పిన్ని వచ్చి చూసి "ఒరే, పెట్టెకి కుట్లు వేశావేంట్రా" అంది. నిజానికి అలాగే కనిపిస్తోంది. తెల్ల మూత దొరికింది గానీ నీలం దొరకలేదు.

పిడి

పాత రివెట్టు తల మీద సరిగ్గా మధ్యలో బిట్ పెట్టి నెమ్మదిగా తిప్పితే తల ఊడి వస్తుంది. స్పీడు ఎక్కువైతే రివెట్టే గిర్రున తిరిగి చుట్టూ ప్లాస్టిక్ కరుగుతుంది. కొత్తవి అల్యూమినియం పాప్ రివెట్లు, 4 మి.మీ.వి, పాతపట్నం హార్డ్‌వేర్ షాపులో తెచ్చాను. లోపలి వైపు వెడల్పాటి వాషరు తప్పనిసరి. వాషరు లేకుండా రివెట్ బిగిస్తే బరువంతా చిల్లు అంచు మీద పడి మళ్ళీ అక్కడే చీలుతుంది.

చిక్కు పిడి మొన దగ్గర వచ్చింది. కడ్డీ తిరిగే చోట ఉండే చిన్న బుష్ అరిగి పోయింది. అలాంటిది విడిగా ఎక్కడా దొరకదు. మా ఊళ్ళో కొమ్ముపని చేసే పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. కొమ్ముతో కొంగలూ రొయ్యలూ చేసే చెయ్యి అది. సగం ఒడియా, సగం తెలుగులో "ఇదా బాబూ, పిల్లలాట" అని పక్కన పడున్న గేదెకొమ్ము తునక ఒకటి తీసి, ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, మధ్యలో చిల్లు వేసి, కడ్డీ మీద ఎక్కించి చూశారు. బిగుతుగా ఉంది. ఇంకాస్త అరగదీశారు. ఆ తరవాత పిడి చప్పుడు లేకుండా తిరిగింది. డబ్బులు తీసుకోమంటే ఒప్పుకోలేదు, టీ తాగారు.

అస్తరు

పాతది మొత్తం పీకేశాను. దాని కింద ఉన్న స్పాంజి పిండిలా రాలింది, మాస్కు వేసుకుని తియ్యండి. బట్టల సోడా కలిపిన గోరువెచ్చటి నీళ్ళతో కడిగి ఆరబెట్టాను. నడి ఎండలో మాత్రం వద్దు, పాలీప్రొపిలీన్‌కి ఎండ శత్రువు, పెళుసెక్కుతుంది. నీడలో గాలికి పెట్టి, మూత వేసేటప్పుడు లోపల ఎండిన వేపాకు వేస్తే వాసన చాలావరకు పోయింది.

కొత్త అస్తరుని గోడలకి అతికించే ప్రయత్నం చెయ్యట్లేదు, పట్టదు కదా. దళసరి అట్టని లోపలి కొలత కన్నా నూలు వాసి ఎక్కువగా కోసి, పాప్లిన్ గుడ్డ చుట్టి, వంచి లోపలికి దిగ్గొడుతున్నాను. తన బిగువుకి తనే నిలబడుతుంది, ఉతకాలంటే ఊడదియ్యొచ్చు. అడుగుభాగం అయింది, మూతది మిగిలింది.

ఇక మిగిలింది

ఎడమ బందు కొంచెం వదులుగా ఉంది, అక్కడా రివెట్టే మార్చాలి. చక్రాలు పెట్టమని మా అబ్బాయి గొడవ. పెట్టను. ఈ పెట్టె గోడ చక్రాల బరువు మోసేలా పోసింది కాదు, రోడ్డు మీద ఒక్క గుంత చాలు. అరలో పిన్ని ఇప్పటికే తన బరంపురం పట్టుచీరలు వేరు చేసి పెట్టుకుంది. నింపితే ఎంత బరువో కాటా వేసి, పిడి పట్టుకుని మేడ మెట్లు ఎక్కి దిగి చూశాకే ఆమెకి అప్పగిస్తాను. తరవాతి వంతు నౌపడా చిన్న రైల్లో తిరిగిన మా తాతగారి ట్రంకుపెట్టెది. అది రేకు, దానికి సోల్డరింగ్ ఐరన్ చాలదు. తుప్పు ఎంత లోతుకి పోయిందో ముందు గీకి చూడాలి.